ముందు చెవి, తర్వాతే స్ప్రే

ఆంప్లిఫయర్ బల్ల మీదికి రాగానే క్లీనర్ స్ప్రే డబ్బా అందుకోకు. ముందు నాబ్ తిప్పి విను. వాల్యూమ్ కంట్రోల్ పోయిందంటూ వచ్చే సెట్లను ఏళ్లుగా చూస్తున్నా. అన్నింటికీ ఒకటే మందైతే మెకానిక్ ఎందుకు, డబ్బా చాలు.

కోఠి గుజరాతీ గల్లీలో పార్టులు కొనితెచ్చే పిల్లాడిగా చేరిన నాకు ఉస్తాద్ మొదట సోల్డరింగ్ ఐరన్ ఇవ్వలేదు. చెడిపోయిన వాల్యూమ్ కంట్రోళ్లు, అంటే మా భాషలో పాట్లు, ఇచ్చి, రేకు మడతలు విప్పి లోపల చూడమన్నారు. గుండ్రంగా వంగిన నల్లటి కార్బన్ పట్టీ, దాని మీద జారే సన్నటి రేకు, అదే వైపర్. బయటికి మూడు కాళ్లు. ఒక చివర సిగ్నల్ వస్తుంది, రెండో చివర గ్రౌండ్‌కి పోతుంది, మధ్య కాలు నుంచి కావలసినంత ముందుకెళ్తుంది. స్టీరియోలో ఇలాంటివి రెండు ఒకే షాఫ్ట్ మీద ఉంటాయి, డబుల్ గ్యాంగ్ అంటాం. "బేటా, ఏ కాలు కుంటుతోందో చెప్పు, ఐరన్ ఇస్తా" అనేవారు.

తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే పట్టీ మీద దుమ్ము, గట్టిపడిన గ్రీజు. ఒక స్పీకర్ ఆగిపోయి, నాబ్‌ని పక్కకి నొక్కితే మళ్లీ పలుకుతుంటే వైపర్ వదులైంది, లేదా పట్టీ అరిగింది. పూర్తిగా తగ్గించినా పాట ఫుల్లుగా మోగుతుంటే గ్రౌండ్ కాలు తెగింది. కిందికి పోయే దారి లేక సిగ్నలంతా ముందుకే పోతుంది.

నా మొదటి గెలుపు ఈ చివరి రకం సెట్‌తోనే. వేరేచోట కంట్రోల్ మార్చినా ఫలితం లేక మా దగ్గరికి తెచ్చారు. రెండు స్పీకర్లూ ఫుల్లే. రెండు గ్యాంగులూ ఒకేసారి తెగవు కదా, మరి రెండింటికీ ఉమ్మడిది ఏమిటి? గ్రౌండ్ ట్రాక్. భూతద్దం పెట్టి చూస్తే ప్యాడ్ పక్కనే రాగి మీద వెంట్రుకవాసి పగులు. చిన్న తీగముక్క అడ్డంగా వేసి అతికించాను, నాబ్ మాట వింది. ఆ రోజు నుంచి ఐరన్ నా చేతికొచ్చింది.

శుభ్రం చేసిన కొన్నాళ్లకే మళ్లీ గరగరలాడితే పాట్‌ని తిట్టకు. మీటర్‌ని డీసీలో పెట్టి సిగ్నల్ వచ్చే కాలు దగ్గరా, మధ్య కాలు దగ్గరా గ్రౌండ్‌తో చూడు. దాదాపు సున్నా ఉండాలి. వోల్టేజీ కనిపిస్తే ముందో వెనకో ఉన్న కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది. దాన్ని మార్చకుండా ఎన్ని డబ్బాలు కొట్టినా దండగే.

ఇక శుభ్రం చేసే పద్ధతి. ప్లగ్ పీకు. ఫిల్టర్ కెపాసిటర్లను 100 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చెయ్యి, స్క్రూడ్రైవర్‌తో నిప్పురవ్వలు తెప్పించే సరదా వద్దు. నాబ్ రాకపోతే ప్లయర్ పట్టకు. పలచటి గుడ్డపీలిక నాబ్ వెనక చుట్టి రెండు కొసలూ పట్టి లాగు, గీత పడకుండా వస్తుంది. కాళ్ల దగ్గరి సందులో కాస్త కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరికి 25, 30 సార్లు తిప్పి ఆరనివ్వు. షాఫ్ట్ దగ్గర మాత్రం కొట్టకు, అక్కడి గ్రీజు కరిగితే నాబ్ తిరగడంలో ఆ మెత్తదనం పోతుంది. ఒకాయన కుట్టుమిషన్ నూనె పోసి తెచ్చారు. రెండు రోజులు బాగానే పాడిందట, తర్వాత ఆ జిడ్డుకి దుమ్మంతా పట్టేసింది.

మార్చాల్సి వస్తే విలువ ఒక్కటే చూసి కొనకు. వాల్యూమ్‌కి లాగ్ కావాలి. జపాన్ గుర్తుల్లో ‘ఏ’ అంటే లాగ్, ‘బీ’ అంటే లీనియర్. గుర్తు చెరిగిపోతే నాబ్ సగం తిప్పి, గ్రౌండ్ కాలుకీ మధ్య కాలుకీ మీటర్ పెట్టు. 100 కె కంట్రోల్ 10, 15 కె చూపితే లాగ్, 50 చూపితే లీనియర్. లీనియర్ వేశావో, కాస్త తిప్పగానే పాట మీద పడుతుంది, ఆ పైన ఎంత తిప్పినా తేడా తెలియదు. కౌంటర్ దగ్గరే రెండు గ్యాంగులూ కొలిచి చూడు. కింది అంచున తేడా ఉంటే, రాత్రిపూట మెల్లగా పెట్టుకున్నప్పుడు పాట ఒక పక్కకి ఒరుగుతుంది. పాట్ బాడీ గ్రౌండ్‌కి తగలకపోతే షాఫ్ట్ ముట్టుకోగానే హమ్. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు, పాత స్పీకర్, వాల్యూమ్ సున్నా.

కొత్త హోమ్ థియేటర్లలో నాబ్ ఎక్కడా ఆగకుండా గిరగిరా తిరుగుతుంటే అది పాట్ కాదు, ఎన్‌కోడర్. పెంచుతుంటే తగ్గడం, ఉన్నట్టుండి దూకడం దాని జబ్బు. దాన్ని కడగడం కన్నా మార్చడమే మేలు.

పాత సెట్లలో కొన్నింటికి నాలుగో కాలు ఉంటుంది. మెల్లగా పెట్టినప్పుడు బేస్ పలచబడకుండా చూసే లౌడ్‌నెస్ కోసం అది. మూడు కాళ్లది వేస్తే ఆ లౌడ్‌నెస్ బటన్ ఉత్తదే అవుతుంది. నాలుగు కాళ్లది బజార్లో దొరకడం గగనం. ఉస్తాద్ రెండు చచ్చిన కంట్రోళ్లు విప్పి, ఒకదాని పట్టీ, ఇంకోదాని వైపర్ కలిపి ఒకటి నిలబెట్టేవారు. ఆ పని చేతికి రావాలంటే సరుకు ఉండాలి. అందుకే విప్పిన పాట్ దేన్నీ చెత్తలో వెయ్యకు. విలువ, కాళ్ల లెక్క కాగితం మీద రాసి అంటించి దాచుకో.