బోర్డో మందు

మా నాన్నకి బోర్డో అంటే మందు. మీరనుకునే మందు కాదు. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు వంద లీటర్లు. బత్తాయి చెట్లకి కొట్టే బోర్డో మిశ్రమం. అందుకే మొన్న 2025 సంక్రాంతికి మావాడు ఫ్రాన్స్ నుంచి వస్తూ "బోర్డో తెస్తున్నా మామా" అని ఫోన్‌లో అంటే, పక్కనున్న నాన్న "అక్కణ్ణుంచి మోసుకురావటం ఎందుకురా, నరసరావుపేటలో దొరుకుద్దిగా" అన్నాడు.

నవ్వుకున్నాం గానీ ఆయన తప్పేం అనలేదు. రెండూ ఒక ఊరివే. 1880ల్లో బోర్డో పక్కన మెడాక్ అనే చోట, దారివెంట పోయేవాళ్ళు కాయలు తెంపకుండా ఉండాలని రైతులు ద్రాక్షతీగలకి మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవాళ్ళు. నీలంగా, చూడటానికి విషంలా ఉంటుంది కదా. బూజు తెగులొచ్చి తోటలు మాడిపోతుంటే దారిపక్క తీగలు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. అక్కడి యూనివర్సిటీ ప్రొఫెసర్ మియార్దే అది గమనించి, పరిశోధించి 1885లో బయటపెట్టాడు. దొంగల్ని బెదిరించటానికి కొట్టింది తెగులు మందయి, నూటనలభై ఏళ్ళకి కూడా మా పల్నాడు రైతు నోట్లో ఆ ఊరి పేరు ఆడుతోంది.

మావాడు అక్కడే చదువుకుని, ఇప్పుడు వైన్ ఎగుమతి చేసే కంపెనీలో లెక్కలు చూస్తున్నాడు. వాడు తెచ్చింది మూడు సీసాలు. మనిషికి రెండు లీటర్లే తెచ్చుకోనిస్తారు కాబట్టి ముప్పావు లీటరు సీసాలు రెండు వాడివి, మూడోది అదే విమానంలో వచ్చిన వినుకొండ కుర్రాడి సంచిలో. మూడింటి మీదా ఒకటే పేరు, ఒకటే బొమ్మ. అంకె మాత్రమే తేడా. 2015, 2018, 2021.

"ఇంత దూరం నుంచి ఒకటే సరుకు మూడు తెచ్చావేందిరా, వేరేవి దొరకలేదా?" అన్నాడు మా పురుగుమందుల కొట్టు బావ.

అసలు సంగతి అదే. ఒకే తోట వైన్‌ని వేరువేరు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టుకుని రుచి చూడటాన్ని వర్టికల్ టేస్టింగ్ అంటారు. నేల అదే, తీగలవే, చేసే మనుషులూ దాదాపు వాళ్ళే. మారేది ఆ ఏటి ఎండా వానా. అంటే మనం రుచి చూసేది సంవత్సరాన్ని. లేబుల్ మీద ఏడు వేస్తే అందులో కనీసం 85 శాతం ఆ ఏటి పంటే ఉండాలని అక్కడ రూలు.

తోట పేరు చెప్పమని అడక్కండి, మాకెవరికీ నోరు తిరగలేదు. ముందు ‘షాతో’ అని ఉంది. కోట అని అర్థమట. మేం ‘కోటోళ్ళ సీసా’ అని పెట్టుకున్నాం.

కనుమ నాటి రాత్రి మా డాబా మీద చాప వేశాం. కారంపూడిలో చాప మీద పదిమంది కూర్చుని తింటే ఎవడో ఒకడు ‘చాపకూడు’ అనకుండా ఉండడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి తినిపించింది ఇక్కడేనని ఏటా వీరుల ఉత్సవాల్లో మందపోరు రోజున జరుపుకుంటాం కదా. మేం ఐదుగురం. ఆరో తరగతి నుంచి ఒక బెంచీ. నాగులేరు వైపు నుంచి చలిగాలి కొడుతోంది. సీసాలకి బిరడాలున్నాయి, అవి తీసే స్క్రూ మావాడు బోర్డోలోనే మర్చిపోయాడు. బైక్ టూల్ కిట్‌లోంచి పట్టకారు, గోడకి కొట్టే స్క్రూ తెచ్చి లాగాం. టీకొట్టు నుంచి అడిగి తెచ్చిన గాజు గ్లాసులు. కింద తెల్లకాగితం పరిస్తే రంగు తెలుస్తుందన్నాడు, నోట్‌బుక్‌లోంచి చింపి పరిచాం.

మొదటి గుక్క ఘోరం. ఎందుకంటే అప్పటికే అమ్మ చేసిన నాటుకోడి కూర రెండు ముక్కలు తినేశాం. కూరలో మా పొలం మిరపకాయే. కారం నోట్లో ఉండగా వైన్ తాగితే ఆల్కహాల్ ఇంకా మండుతుంది, వగరు ఇంకా వగరవుతుంది. "ఇదా రా మీ కోటోళ్ళు తాగేది? జామపిందె కొరికినట్టుంది" అని టీచర్ బావ మొహం చిట్లించాడు. మావాడు కిందికి పరిగెత్తి అమ్మని బతిమాలాడు. ‘పిన్నీ, ఉప్పూ మిరియాలతో కాస్త మటన్ వేపవా, ఎండుకారం వద్దు.’ మిరప రైతు ఇంట్లో కారం లేని కూర! "ఎవరికిరా ఒంట్లో బాలేనిది?" అని అడిగిందట అమ్మ.

ఆ వేపుడు వచ్చాక కథ మారింది. మాంసం, కొవ్వు తగిలితే వగరు మెత్తబడుతుంది. అదే 2015 ఈసారి నేరేడుపండులా తగిలింది. పదేళ్ళు నిండుతున్న సీసా కదా, కాగితం మీద పెట్టి వంచి చూస్తే గ్లాసు అంచున ఎరుపు కాస్త ఇటుక రంగుకి తిరిగింది. వగరు ఉందిగానీ కరవటం మానేసిన కుక్కలా ఉంది. 2018 అలా కాదు. చిక్కటి రంగు, తియ్యటి వాసన, మింగాక ఛాతీలో వెచ్చగా. ఆ ఏడు వసంతంలో వానలు పడి బూజు పట్టి చాలామంది పంట పోగొట్టుకున్నారట. నిలబెట్టుకున్నవాళ్ళకి మాత్రం తర్వాత మంచి ఎండలు కాశాయి. లేబుల్ మీద 14.5 శాతం అని ఉంది. 2021 మీద 13. అది పల్చగా, పుల్లగా ఉంది. "ఇది వదిలేద్దాంలే, తక్కువ రకం" అన్నాం నలుగురం.

మావాడు ఒప్పుకోలేదు. రకం తక్కువేం కాదురా, ఏడు తక్కువది అన్నాడు.

అప్పుడే మెట్ల మీద నాన్న. రెండో విడత వేపుడు గిన్నె పట్టుకుని. మేం గ్లాసులు చాప కిందికి తోయబోయాం. "దాచక్కర్లేదులే, పగులుతయ్యి" అని గిన్నె కింద పెట్టి, మావాడు జరిగితే పక్కన కూర్చున్నాడు. నాన్న తాగడు. సీసాలు ఒక్కొక్కటే తీసుకుని ఫోన్ టార్చి వేసి చూశాడు.

"మూడూ ఒకటేగా, ఈ నంబర్లేంది?"

"పంట ఏడు బాబాయ్."

ఇక వదల్లేదు. పదిహేనులో వానెంత, ఎప్పుడు కోశారు, కూలీలు దొరుకుతారా, ఎకరానికి ఎన్ని తీగలు? మావాడు లెక్కల మనిషి కదా, తెలిసినంతవరకు చెప్పుకొచ్చాడు. 2021 దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించాడు. ఆ ఏడు ఏప్రిల్లో, చిగురు పుట్టాక, ఫ్రాన్స్ అంతటా గడ్డకట్టే మంచు కురిసింది. రాత్రుళ్ళు తోటల్లో పెద్దపెద్ద కొవ్వొత్తులు వెలిగించి చలి కాచుకున్నారు. మిగిలినదాని మీద వానలు, ఆ వానలకి బూజు.

"బోర్డో కొట్టినా?"

"కొట్టినా బాబాయ్. వాన కడిగేసేది, మళ్ళీ కొట్టేవాళ్ళు."

నాన్న తలూపాడు. మాకు 2021 చెప్పక్కర్లేదు. ఆ ఏడు కార్తీకం దాటాక నల్ల తామర పురుగు దిగింది మిరప తోటల మీద. పూలల్లో దూరేది. పూత మొత్తం రాలేది. బావ కొట్లో ఉన్న మందులన్నీ అయిపోయినా పురుగు చావలేదు. పల్నాడంతా, తెలంగాణలో ఖమ్మం దాకా జనం పచ్చటి తోటల్ని దున్నేశారు. మా కౌలు మూడెకరాలూ అందులోవే.

నాన్న 2021 గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తాగడులే అనుకుని మేం చూస్తున్నాం. మళ్ళీ ఒకసారి వాసన చూశాడు.

"ఇది మిరప తోటరా. పచ్చికాయ తొడిమ తుంచితే వచ్చేదే ఇది."

మావాడు చాప మీంచి లేచి నిలబడ్డాడు. వాడు చెబితేగానీ మాకు తెలీలేదు. ఆ తోటలో ఎక్కువగా ఉండే కాబెర్నే సావిన్యోన్ అనే ద్రాక్ష ఎండ చాలక సరిగా పండకపోతే ఒక పచ్చివాసన మిగిలిపోతుంది. దానికి కారణం పైరజిన్ రకం పదార్థం. పచ్చిమిరపలో, కాప్సికంలో ఉండేదీ అదే. వైన్ పరీక్షలకి చదివేవాళ్ళు ఆ వాసన పట్టుకోవటానికి నెలలు సాధన చేస్తారట. మేం నలుగురం ‘తక్కువ రకం’ అని తీసిపారేసినదాన్ని, ఒక్క చుక్క తాగకుండా, ఈయన పేరుపెట్టి పిలిచాడు.

"పోయిన పంటని కూడా సీసాకెత్తి ఏడు రాసుకున్నారంటే మెచ్చుకోవాలి" అన్నాడు నాన్న. "కొంటారా మరి?"

"ధర తగ్గుద్ది. కొంటారు."

"వాళ్ళకేం, మారాజులు" అన్నాడు బావ. అంత లేదన్నాడు మావాడు. పేరున్న కోటలు కొన్నే. మామూలు రైతుల వైన్ అమ్ముడుపోక, 2023లో ప్రభుత్వమే హెక్టారుకి 6 వేల యూరోలిచ్చి తీగలు పీకేయించే పథకం పెట్టింది బోర్డోలో. పీకినందుకు డబ్బులా అని బావ నోరు తెరిచాడు. నాన్న మాత్రం ఏమీ అనలేదు, పీకటం అనే మాట దగ్గరే ఆగిపోయినట్టున్నాడు.

మా ధర సంగతీ అంతే ఉంది. పోయినేడు క్వింటా 20 వేలు దాటి పోయిన తేజ అప్పటికే దిగటం మొదలైంది. (తర్వాతి నెల కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించాల్సినంతగా పడిపోయింది.) ధర లేనప్పుడు టిక్కీలు గుంటూరు ఏసీలో పెడతాం. యార్డులో ఏసీ కాయ, నాన్ ఏసీ కాయ అని ధర వేరుగా వేస్తారు. ఏసీలో పెడితే మిరపకాయ ముదిరి మంచిదవదు. రంగు పోకుండా చలికి పడుకుని ధర కోసం ఎదురుచూస్తుంది, అద్దె మనం కడుతుంటాం. సీసాలో ఉన్నకొద్దీ మెత్తబడే వగరు మనకి లేదు.

ఇదే నేను గొప్పగా చెబుతుంటే నాన్న నవ్వాడు. "మనకీ ఉందిలేరా పాతబడే కొద్దీ పెరిగేది. మన ఇరవైయొకటి సీసా మీద రాయలేదు, నోటు మీద రాసుంది."

ఏ నోటు? మిరప దున్నేశాక మందుల కొట్టుకి, కౌలుకి 2 లక్షలు తెచ్చారని నాకు తెలుసు. తర్వాత రెండేళ్ళు కాయకి మంచి ధర వచ్చింది, తీర్చేశారనే అనుకున్నా. నేనెప్పుడూ అడగలేదు, ఆయనెప్పుడూ చెప్పలేదు. ఆ రెండేళ్ళ డబ్బు అక్క పెళ్ళికీ, హైదరాబాద్‌లో నా కోచింగ్‌కీ, హాస్టల్‌కీ పోయిందని ఆ చాప మీద, నా నలుగురు స్నేహితుల ముందు తెలిసింది. ప్రామిసరీ నోటుకి మూడేళ్ళే ప్రాణం. దాటితే కోర్టులో చెల్లదు, అందుకని లోపే తిరగరాయించుకుంటారు. 2022 జనవరి 19న రాసిన నోటు. ఇంకా నాలుగు రోజులు. నూటికి రెండు రూపాయల వడ్డీ, 36 నెలలకి లక్షా 44 వేలు. కలిపితే 3,44,000.

ఎవరూ మాట్లాడలేదు. మావాడు ఊరికే 2021 సీసాకి బిరడా తిరగేసి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. నాన్నే లేచి "వేపుడు చల్లారుతుంది, తినండి. మిరపకాయ లేకపోయినా బాగానే చేసింది" అని దిగిపోయాడు.

ఆ రాత్రి 2015 ఖాళీ అయింది, 2018 సగం మిగిలింది. 2021 మాత్రం చుక్క మిగల్లేదు. ఒక్కొక్కరం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని తొడిమ వాసన వెతుక్కుంటూ తాగాం. నాకు మూడోసారికి దొరికింది. బావకి దొరకలేదు. మందుల కొట్టులో ముక్కు పోయిందన్నాడు.

ముక్కనుమ పొద్దున నాన్న స్నానం చేసి తెల్లచొక్కా వేసుకుంటుంటే నేనూ చెప్పులేసుకున్నా. వద్దనలేదు. బైక్ కొందామని దాచుకున్న లక్ష ఫోన్లోనే పంపించా. మిగతా 2,44,000కి కొత్త నోటు. అప్పిచ్చినాయన అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు, మర్యాదస్తుడే. రెవెన్యూ స్టాంపు అంటించి, నాన్న సంతకం పెట్టాక, "అబ్బాయి కూడా పెడతాడా, చేతికొచ్చాడుగా" అన్నాడు. నాన్న నావైపు చూడలేదు. పెన్ను తీసుకున్నా. తేదీ గడి ఖాళీగా ఉంటే, అదీ నేనే రాశా. 16-1-2025.