ఫిన్‌లండులో ఏప్రిల్ నెల

ఏప్రిల్ అనగానే మీకు ఏమి జ్ఞాపకం వస్తుంది? మామిడికాయలు, తాటిముంజెలు, ఒంటిపూట బడి, వీధిలో కాలు పెట్టనివ్వని ఎండ. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఎక్కడో ఉత్తరాన ఉన్న ఫిన్‌లండు దేశపు పిల్లలు ఉన్నిటోపీలు పెట్టుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, కరిగిన మంచునీటి గుంటల్లో గంతులు వేస్తూ ఉంటారు. వాళ్ళకు అదే వసంతం.

ఒకసారి భూగోళం తీసి చూడండి. ఫిన్‌లండు రాజధాని హెల్సింకి 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. మన హైదరాబాదు 17 డిగ్రీల మీద ఉన్నది. ఏప్రిల్ మొదలు నుంచి ఆఖరు దాకా మనకు పగటిపొద్దు పెరిగేది అరగంట. మనం దాన్ని గమనించం కూడా. హెల్సింకిలో అదే నెలలో పగలు రెండున్నర గంటలకు పైగా పెరుగుతుంది! నెల మొదట 13 గంటలున్న పగలు నెలాఖరుకు దాదాపు 16 గంటలవుతుంది. రాత్రి తొమ్మిది కావస్తున్నా కిటికీలో వెలుతురు కనిపిస్తూ ఉంటే, పడుకోమని తల్లి చెప్పినా ఏ పిల్లవాడు వింటాడు?

అయితే వెలుతురు వచ్చినంత త్వరగా వేడి రాదు. నేలను కప్పిన తెల్లని మంచు ఎండలో చాలా భాగాన్ని అద్దంలాగా తిప్పికొడుతుంది. మిగిలిన ఎండ ఆ మంచును కరిగించటానికే ఖర్చయిపోతుంది. అందుచేత హెల్సింకిలో ఏప్రిల్ సగటు ఉష్ణోగ్రత 4, 5 డిగ్రీల సెంటీగ్రేడు మాత్రమే. ఉత్తరపు కొసన ఉన్న లాప్‌లండులోనైతే, ఏడాది మొత్తం మీద మంచు అన్నిటికన్నా మందంగా పేరుకుని ఉండేది మార్చి చివర, ఏప్రిల్ మొదట్లోనే!

వసంతం ఎప్పుడు వచ్చిందో చెప్పటానికి అక్కడి వాతావరణ శాస్త్రజ్ఞులు తేదీలు చూడరు. రోజు సగటు ఉష్ణోగ్రత సున్నాకు పైన నిలదొక్కుకుంటే వసంతం, 10 డిగ్రీలు దాటి నిలిస్తే వేసవి. కాని వచ్చిన వసంతానికి నిలకడ లేదు. ఈరోజు ఎండ కాసిందని కోటు లోపల దాచేస్తే, రేపు తెల్లవారేసరికి వాకిట్లో జానెడు మంచు ఉండవచ్చు. దీనికి వాళ్ళ భాషలో ఒక పేరే ఉన్నది: "తకతల్వి". వెనక్కు తిరిగి వచ్చిన చలికాలం అన్నమాట.

పట్నాలలో ఇంకొక బెడద. చలికాలమంతా జనం జారిపడకుండా కాలిబాటల మీద సన్నకంకర చల్లుతారు. మంచు కరగగానే అదంతా బయటపడుతుంది. యంత్రాలు వచ్చి ఊడ్చేదాకా ఊరంతా దుమ్మే. రంగుల బొమ్మల్లో వసంతాన్ని చూసి ఏప్రిల్‌లో అక్కడికి వెళ్ళినవాళ్ళు కొంచెం నిరాశపడక తప్పదు.

ఇక సరస్సుల సంగతి. చిన్నచిన్న మడుగులతో కలిపి ఆ దేశంలో లక్షా ఎనభైవేలకు పైగా సరస్సులున్నాయి. చలికాలంలో అవి గడ్డకట్టితే జనం వాటి మీద నడుస్తారు, స్కీల మీద జారుతూ పోతారు, గడ్డకు కన్నం పెట్టి చేపలు పడతారు. చలి ముదిరినప్పుడు ఏర్పడిన గట్టి గడ్డ ఐదు సెంటీమీటర్ల మందం ఉంటే చాలు, ఒక మనిషిని మోస్తుంది. కాని ఏప్రిల్‌లో దానికి నాలుగింతల మందం ఉన్నా నమ్మరాదు. ఎందుచేత?

సరస్సు మీది గడ్డ ఒకే పలకలాగా కనిపిస్తుంది గాని, నిజానికి అది నిలువుగా పక్కపక్కన అతుక్కున్న స్ఫటికాల గుంపు. వసంతపు ఎండ లోపలికి దిగి, ఆ అతుకులను ముందుగా కరిగిస్తుంది. అప్పుడు ఆ గడ్డ తాడు ఊడిన చీపురుకట్టతో సమానం. చూడటానికి పుల్లలన్నీ అలాగే ఉంటాయి, పట్టు మాత్రం ఉండదు. కాలు పెడితే అమాంతంగా విడిపోతుంది. ఏటా అక్కడ ఇలా గడ్డ విరిగి కొందరు ప్రాణాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు.

అందుకే గడ్డ మీదికి పోయేవాళ్ళు మెడలో ఒక సాధనం వేసుకుంటారు. రెండు పిడులు, వాటి కొసల ఇనుపముళ్ళు, రెంటినీ కలుపుతూ ఒక తాడు. నీళ్ళలో పడితే ఏం చేయాలో పిల్లలకు కూడా నేర్పుతారు: ముందుగా, వచ్చిన వైపుకే తిరగాలి. ఎందుకో ఆలోచించండి. ఇంతసేపూ మోసినది ఆ వైపు గడ్డే గదా! తడిచేతులు గడ్డ మీద జారిపోతాయి; కనక ముళ్ళు గుచ్చి పట్టుకుని, కాళ్ళు తపతపా కొట్టుకుంటూ పైకి పాకాలి. పైకి వచ్చాక లేచి నిలబడకూడదు. బరువంతా ఒకచోట పడితే మళ్ళీ విరుగుతుంది. పొర్లుతూ పోవాలి.

స్వీడన్ సరిహద్దున టోర్నియో అనే నది ఉన్నది. ఓలోఫ్ ఆల్బోమ్ అనే వర్తకుడు 1693లో, దాని మీది గడ్డ ఏ రోజున పగిలి కొట్టుకుపోయిందో వ్రాసిపెట్టటం ప్రారంభించాడు. గోలకొండ ఔరంగజేబు చేత చిక్కి అప్పటికి ఆరేళ్ళయింది! ఆ లెక్క ఈనాటికీ వ్రాస్తున్నారు. నది అంత ఉత్తరాన ఉండటం వల్ల గడ్డ సాధారణంగా మే నెలలోగాని కదలదు. అయినా వెనకటి రోజులకన్నా ఇప్పుడు ఒకటి రెండు వారాలు ముందుగానే పోతున్నది. భూమి వేడెక్కుతున్నదనటానికి శాస్త్రజ్ఞులు చూపే సాక్ష్యాలలో ఆ వర్తకుడి చిట్టా కూడా ఒకటి.

ఏప్రిల్‌లోనే బర్చి చెట్లకు నీరు ఎక్కుతుంది. మన పూర్వులు గ్రంథాలు వ్రాసుకున్న భూర్జపత్రం ఈ జాతి చెట్టు బెరడే. మనవాళ్ళు తాటిచెట్టు నుంచి నీరా దించినట్టుగా, అక్కడివారు బర్చి మానుకు చిన్న కన్నం వేసి, గొట్టం అమర్చి, నీళ్ళలాంటి తీయని రసం పడతారు. ఆకు విచ్చిందంటే ఆ రసం ఇక పనికిరాదు.

వెళ్ళిపోయిన పక్షులు కూడా ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. పల్లెవాళ్ళకు వాటితో ఒక లెక్క ఉన్నది. భరతపక్షి కనిపిస్తే వేసవికి ఇంకా నెల ఉన్నట్టు. కాటుకపిట్ట వస్తే కొద్దిరోజులే. ఆఫ్రికా నుంచి వానకోయిల వచ్చిందా, వేసవి వచ్చినట్టే.

నెలాఖరున ప్రతి ఇంటా "సిమ" అనే పానీయం తయారవుతుంది. నీళ్ళు, నిమ్మ, పంచదార, చిటికెడు ఈస్టు కలిపి సీసాలలో పోసి, నాలుగు ఎండుద్రాక్షలు వేస్తారు. మొదట అవి అడుగున పడి ఉంటాయి. ఈస్టు పంచదారను తింటూ విడిచే వాయువు బుడగలుగా ద్రాక్షలకు అంటుకుని, వాటిని పైకి లేపుతుంది. పిల్లలు రోజుకు పదిసార్లు సీసాల దగ్గరికి పోయి చూస్తారు. ద్రాక్షలు పైకి తేలితే సిమ తయారైనట్టు. ఆ సీసాలు బుట్టలో పెట్టుకుని మే 1వ తేదీన అందరూ తోటలకు వనభోజనానికి పోతారు. ఆరోజు వాన కురిసినా, మంచు రాలినా ఎవరూ మానరు. గొడుగులు వేసుకుని తింటారు.