హీరో దూకాడు సరే... లింకు సంగతేమిటి?

'మూన్‌రేకర్' చూశారా? 1979లో వచ్చిన జేమ్స్ బాండ్ పిక్చర్. ఇలా బొమ్మ మొదలవుతుందో లేదో, అలా బాండుని విమానంలోంచి బయటికి తోసేస్తారు. అదీ పారాచూట్ లేకుండా! మనవాడు గాలిలో ఈదుకుంటూ వెళ్ళి ఇంకొకడి వీపుమీదున్న పారాచూట్ లాగేసుకుంటాడు. నేనది చూసింది ఇంట్లో, టీవీలోనే. అయినా సోఫా చెయ్యి గట్టిగా పట్టుకునే చూశాను. రోజర్ మూర్ బదులు దూకింది జేక్ లొంబార్డ్ అనే స్టంట్‌మన్ అనీ, ఆ కాస్త సీనుకీ 88 సార్లు దూకారనీ, "పారాచూట్ లేని" బాండుకి కోటు కింద పల్చటి పారాచూట్ దాచి ఉంచారనీ తరవాత చదివి తెలుసుకున్నాను.

పదేళ్ళ పైగా సినిమాలమీద రాసి బతుకుతున్నవాణ్ణి. రోప్ షాట్ అయ్యాక హీరోగారి దగ్గరికి పరుగెత్తి, "భయం వెయ్యలేదా సార్?" అని ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఆ రోప్ చివర కొక్కెం ఎవరు పెట్టారో, అది ఎక్కడ కొన్నారో ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని తోచనేలేదు.

ఆ బుద్ధి నాకు వచ్చింది 2023 అక్టోబరులో, అమెరికాలో. అదీ మా బావ పుణ్యమా అని!

మా అక్కావాళ్ళు లాస్ ఏంజిలిస్ దగ్గర ఉంటారు. నలభై దాటాక బావకి ఆకాశంలోంచి దూకే సరదా పట్టుకుంది. పెర్రిస్ అనే ఊళ్ళో పెద్ద జంపింగ్ మైదానం ఉంది. వాళ్ళింటి నుంచి కారులో గంటన్నర. అక్కడ నేర్చుకున్నాడు, లైసెన్సూ తెచ్చుకున్నాడు. అక్క మాత్రం ఒక్కసారి కూడా ఆ మైదానం మొహం చూడలేదు. "నువ్వైనా వెళ్ళి చూడరా, నాకు చెప్పొద్దు" అంది నేను దిగిన రోజునే.

బావ ఎవరి దగ్గరో వాడిన పారాచూట్ ఒకటి కొన్నాడు. లింకులు లేకుండా వచ్చింది. "నాలుగు లింకులు కావాలి, రేపు బిగించాలి" అని ఫోనులో అంటుంటే విన్నాను. ఫొటో కూడా చూశాను. కోడిగుడ్డు ఆకారంలో చిన్న ఇనప లింకు, పక్కన మర తిప్పే చిన్న గొట్టం. ఆ సాయంత్రం అక్కతో బజారుకెళ్ళినప్పుడు హార్డ్‌వేర్ కొట్లో అచ్చం అవే గోడకి వేలాడుతున్నాయి! నాలుగూ కొనేశాను. బావ మెచ్చుకుంటాడని నా ఆశ.

"ఇవీ అలాగే ఉన్నాయే" అన్నాడు బావ, గొట్టం తిప్పి చూస్తూ. "పనికొస్తాయేమో, రేపు రిగ్గర్‌కి చూపిద్దాం."

ఇంతకీ లింకు ఎక్కడుంటుందో చెప్పలేదు కదూ! ఉయ్యాలబల్ల గుర్తు తెచ్చుకోండి. దూలానికీ గొలుసుకీ మధ్య కొక్కెం ఉంటుందే, అదన్నమాట. పైన పారాచూట్ గుడ్డ. దాన్నించి దిగే తాళ్ళన్నీ నాలుగు గుత్తులవుతాయి. కింద మనిషి భుజాలమీంచి నాలుగు పట్టీలు పైకి లేస్తాయి. ఒక్కో గుత్తినీ ఒక్కో పట్టీకి కలిపేది ఒక్క లింకు. గంటకి 190 కిలోమీటర్ల వేగంతో పడుతున్న మనిషిని పారాచూట్ నాలుగైదు సెకన్లలో ఆపుతుంది. అప్పుడు ఒంటి బరువుకి కొన్ని రెట్ల బరువు ఆ నాలుగు లింకులమీద పడుతుంది.

మైదానంలో షెడ్డు కింద పొడుగాటి బల్ల. బల్ల వెనక రిగ్గర్ ఉంది. అరవై దాటిన ఆవిడ, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. రిగ్గర్ అంటే పారాచూట్లు అమర్చి, మడిచి, మరమ్మతు చేసే లైసెన్సున్న మనిషి. వీపుమీద రెండోది ఉంటుంది చూశారూ, ఆపద్ధర్మం పారాచూట్, అక్కడ దాన్ని మడిచే అధికారం వాళ్ళకే. 180 రోజులకొకసారి విప్పి, చూసి, మళ్ళీ మడవాల్సిందే.

నా పొట్లం ఆవిడ ముందు పెట్టాను, కొంచెం గర్వంగానే. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. అట్టముక్క వెనక్కి తిప్పి నా చేతికిచ్చి, "చదువు" అంది. చీమ తలకాయంత అక్షరాలు. మనుషుల బరువు మోయించడానికి వాడరాదు!

నా చెవులు వేడెక్కిపోయాయి.

తరవాత తన సొరుగులోంచి ఇంకో లింకు తీసి పక్కన పెట్టింది. ఫ్రాన్సులో తయారయ్యే మాయోన్ రాపీడ్ రకం. దూరం నించి రెండూ కవలలే. చేత్తో తడిమితే కదా తెలిసేది! నాది జింకు పూత, అంచు గరుగ్గా ఉంది. ఆ గరుకు రోజూ తాళ్ళని కోరుకుతూ ఉంటుందట. గొట్టం మరలో వదులుగా ఊగుతోంది. ఎవరు చేశారో పేరే లేదు. ఆవిడది స్టెయిన్‌లెస్ స్టీలు, నున్నగా ఉంది. ఒంటిమీద తయారుచేసినవాడి పేరు, ఎంత బరువుకి చేశారో ఆ అంకె చెక్కి ఉన్నాయి. ఏ సైజు వాడాలో కూడా మన ఇష్టం కాదు, పారాచూట్ తయారుచేసిన కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది.

బావకి మనసు వేరేచోట ఉంది. ఈ రోజుల్లో చాలామంది ఇనుము మానేసి మెత్తటి లింకులు వాడుతున్నారు. స్పెక్ట్రా అనే దారంతో అల్లినవి. చూస్తే జడకట్టే తాడులా ఉంటాయి గానీ, సరిగ్గా కడితే బలంలో ఉక్కుకి తీసిపోవు. వదులవడానికి మర లేదు. పారాచూట్ విచ్చుకునేటప్పుడు జారివచ్చే రింగులకి దెబ్బా తగలదు. "నాకవే కావాలి" అన్నాడు.

"సరే, ఒకటి నువ్వే కట్టు" అందావిడ.

బావ చుట్లు తిప్పాడు. చివరి ముడి బొత్తాన్ని కంతలోంచి దూర్చి లాగాడు. ఠీవిగా నిలబడ్డాడు. చూస్తే బ్రహ్మాండంగానే ఉంది! ఆవిడ రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తాళ్ళగుత్తి ఊడి బల్లమీద పడింది.

ఎవ్వరం మాట్లాడలేదు. బయట ట్విన్ ఆటర్ విమానం ఇంజను మోత ఒక్కటే వినిపిస్తోంది. అది నాలుగు వేల అడుగుల ఎత్తున ఊడి ఉంటే? పారాచూట్ ఒక మూల ఎగిరిపోయి, మనిషి బొంగరంలా తిరిగిపోతాడు. పాడైన పారాచూట్‌ని ఒక్క లాగుతో వదిలించుకోవడానికి భుజాల దగ్గర మూడు రింగుల అమరిక ఉంది, బిల్ బూత్ అనే ఆయన 1970లలో కనిపెట్టాడు. వదిలించుకుని రెండోది తెరవాలి. దాని తరవాత మూడోది లేదు. అక్క మొహం కళ్ళముందు ఆడింది నాకు.

బొత్తాన్ని బావ ఒక చుట్టు తప్పించి దూర్చాడట. ఆవిడ మళ్ళీ విప్పి చూపించింది. "దీంట్లో తప్పేమీ లేదు, నీ చేతికి ఇంకా రాలేదు. శిక్షణలో నువ్వు రోజూ తడిమి చూసుకున్నది ఏ రకం?" అని అడిగింది.

"స్టీలే" అన్నాడు బావ నీరసంగా.

స్టీలే పడింది. బిగింపులో ఇంకో తమాషా! నేనైతే బలమంతా పెట్టి బిగించేవాణ్ణి. ఆవిడ వేళ్ళతో ఆగేవరకూ తిప్పి, స్పానరుతో ఇంకో పావు చుట్టు తిప్పి ఆపేసింది. అతిగా బిగిస్తే మర చెడిపోతుంది, గొట్టం చిట్లే ప్రమాదమూ ఉందట. తరవాత సొరుగులోంచి ఎర్రటి గోళ్ళరంగు సీసా తీసింది! గొట్టంమీంచి లింకుమీదికి ఒక గీత. గొట్టం రవ్వంత కదిలినా గీత విరిగి కనిపిస్తుందన్నమాట. నాలుగింటికీ నాలుగు గీతలు గీశాక, రబ్బరు తొడుగులు పైకి లాగింది.

మధ్యాహ్నం బావ దూకాడు. నేను కింద మెడ వెనక్కి వాల్చి, చుక్కలాంటి మనిషిని వెతుక్కుంటూ నిలబడ్డాను. పారాచూట్ విచ్చుకుంది, పసుప్పచ్చగా, నలుచదరంగా. అందరూ "ఆహా" అని దాన్ని చూస్తున్నారు. నా కళ్ళు మాత్రం దాని కింద, భుజాలకి పైన, కనిపించని ఆ నాలుగు చోట్లనే వెతికాయి.

ఇంటికొచ్చాక అక్క ఏమీ అడగలేదు. భోజనాల దగ్గర బావ చూపుడువేలికి అంటిన ఎర్రరంగు చూసి, "ఇదెక్కడిది?" అంది. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. మర్నాడు బావ సంచీలోకి తన గోళ్ళరంగు సీసా ఎలా వచ్చిందో బావకి ఈరోజుకీ తెలియదు. అక్కకి చెప్పింది నేనేలెండి.

హార్డ్‌వేర్ కొట్టు లింకులు నాలుగూ నాతో హైదరాబాద్ వచ్చేశాయి. ఒకదానికి నా గది తాళంచెవులు వేలాడుతున్నాయి. రెండు బట్టలారేసే తీగకి పనికొచ్చాయి. నాలుగోది మొన్న ఫైట్ షూటింగులో జేబులోంచి తీసి రోప్ కుర్రాడికి చూపించాను. వాడు గొట్టం ఒక్కసారి ఊపి, "ఇది వద్దన్నా, పారెయ్" అని నా చేతిలో పెట్టేశాడు.