అలలు నిద్రపోయే వేళ...

శీతాకాలంలో ప్రపంచమంతా ఆ ఊరివైపు చూస్తుంది. వేసవిలో ఆ ఊరు తనవాళ్లవైపు చూసుకుంటుంది. చెరకు పోయి, పర్యాటకులు వచ్చి, ఇళ్ల ధరలు ఆకాశాన్నంటినా ఏటా ఒక రాత్రి మాత్రం అక్కడి సముద్రం మీద దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. హవాయి దీవుల్లోని హలేయివా విశేషాలివి.

జనవరిలో ఆ సముద్రాన్ని చూస్తే గుండె ఝల్లుమంటుంది. మూడంతస్తుల మేడంత అల లేచి, ఉరుములా గర్జిస్తూ వచ్చి ఒడ్డున విరుచుకుపడుతుంది. దాని మీద పలక వేసుకుని జారే సాహసవీరుల్ని చూడటానికి దేశదేశాల నుంచీ జనం తరలివస్తారు. కెమెరాలు బారులు తీరతాయి.

ఆర్నెల్లు ఆగి జులైలో వెళ్తే... అదే సముద్రం, అదే ఒడ్డు. కానీ ఆ అల లేదు, ఆ హోరు లేదు. చెరువులా నిలిచిన నీళ్లలో మూడేళ్ల పిల్ల బకెట్టు ముంచుకుంటూ ఉంటుంది. చెట్టునీడన చాప మీద అమ్మమ్మ కునుకు తీస్తూ ఉంటుంది.

హలేయివాకి వేసవి వచ్చిందనడానికి అదే గుర్తు!

హవాయి రాజధాని హొనొలులు ఉన్న ఒవాహు దీవిలోనే, ఉత్తరపు ఒడ్డున ఉందీ పట్టణం. హొనొలులు నుంచి కారులో గంట ప్రయాణం. జనాభా దాదాపు 5 వేలు. చలికాలంలో ఉత్తర పసిఫిక్‌లో పుట్టే తుపాన్లు పెద్ద పెద్ద అలల్ని ఈ ఒడ్డుకి తోస్తాయి. వేసవిలో ఆ తుపాన్లు తగ్గిపోతాయి. అప్పుడు చలికాలం నడిచేది భూమధ్యరేఖకి అవతల కాబట్టి, అక్కడి అలలు దీవి దక్షిణాన ఉన్న వైకీకీకి చేరతాయి. పోటీల సర్ఫర్లు సామాను సర్దుకుని వెళ్లిపోతారు. ఊరు ఊపిరి పీల్చుకుంటుంది.

రాణిగారి విడిది

వేసవికి హలేయివాని వెతుక్కుంటూ రావడం ఇప్పటి మాట కాదు. హవాయిని ఏలిన చివరి రాణి లిలియువోకలాని వేసవిలో విడిదికి ఇక్కడికే వచ్చేది. అనహులు ఏటి ఒడ్డున ఉండేది. ఊళ్లో 1832లో మొదలైన చర్చికి ఇప్పుడామె పేరే ఉంది. దానికి ఆమె ఓ గడియారం కానుకగా ఇచ్చింది. అందులో ఒకటి నుంచి పన్నెండు వరకూ అంకెలుండవు. ఆంగ్ల లిపిలో రాస్తే ఆమె పేరుకి సరిగ్గా పన్నెండు అక్షరాలు. అంకెల చోట ఆ అక్షరాలే ఉంటాయి!

1893లో అమెరికన్ వ్యాపారులు, తోటల యజమానులు కలిసి ఆమెను గద్దె దించారు. 1898లో అమెరికా హవాయిని తనలో కలిపేసుకుంది. ఆ రోజుల్లోనే హొనొలులు నుంచి ఈ ఒడ్డుకి రైలు వేశారు. రైలెక్కి వచ్చేవారి కోసం ఓ పెద్ద హోటల్ కట్టారు. దాని పేరే హలేయివా. హవాయి భాషలో ‘హలే’ అంటే ఇల్లు, ‘ఇవా’ అంటే పొడవాటి రెక్కలతో గాల్లో తేలే ఓ సముద్రపక్షి. హోటల్ ఇప్పుడు లేదు. రైలు 1947లో ఆగిపోయింది. పేరు మాత్రం ఊరికి మిగిలింది. 1921లో ఏటి మీద కట్టిన జంట కమానుల వంతెన కూడా నిలిచే ఉంది. స్థానికులు దాన్ని ‘రెయిన్‌బో బ్రిడ్జి’ అంటారు.

అందరూ ఆంటీలే, అంకుల్సే!

మే నెలాఖరులో బడులకి సెలవులిస్తారు. అక్కణ్నుంచి రెండు నెలలు పిల్లలకి ఇల్లంటే నీళ్లే. వంతెన కింద ఏట్లో నిలబడి తెడ్డు వేసే పలకలు తేలుతుంటాయి. సాయంత్రమైతే పొడవాటి పడవలు సముద్రంలోకి దిగుతాయి. పక్కకి ఒరిగిపోకుండా వీటికి ఒకవైపు దుంగ కట్టి ఉంటుంది. ఇప్పుడు ఒక్కో పడవలో ఆరుగురు కూర్చుని తెడ్లు వేస్తారు. వేసవంతా వారం వారం పందేలే. పన్నెండేళ్ల పిల్లలకో పోటీ, అమ్మలకో పోటీ, తాతలకో పోటీ. ఒడ్డున గుడారాలు వేసుకుని, ఇంటి నుంచి తెచ్చిన అన్నం డబ్బాలు విప్పుకుని కుటుంబాలు పొద్దస్తమానం కూర్చుంటాయి.

ఈ గుంపులో ఎవరు ఎవరికి చుట్టమో కొత్తవాళ్లు కనిపెట్టలేరు. ఎందుకంటే హవాయిలో పిల్లలు పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవరు. తెలిసినా తెలియకపోయినా ‘ఆంటీ’, ‘అంకుల్’ అనాల్సిందే. అల్లరి చేస్తే మందలించే హక్కూ ఆ ఆంటీలందరికీ ఉంటుంది!

ఎండకి తాళలేనివాళ్లు మట్సుమోటో దుకాణం ముందు వరస కడతారు. 1951లో ఓ జపాను సంతతి కుటుంబం పెట్టిన పచారీ కొట్టు అది. పచారీ కంటే దానికి పేరు తెచ్చింది ‘షేవ్ ఐస్’. మంచుగడ్డని పొడిలా సన్నగా చెక్కి, ముద్ద చేసి, మూడు రంగుల పళ్లరసాల పాకం పోసిస్తారు. అడుగున ఐస్‌క్రీమో, తియ్యగా ఉడికించిన ఎర్రటి చిక్కుడు గింజలో వేయించుకోవడం పాతవాళ్ల అలవాటు. తోటల్లో పనిచేసిన జపాను కూలీలతో వచ్చిన రుచి అది.

ఇంతకీ ఆ తోటలేవి?

చెరకు వాసన పోయింది

నూరేళ్లకు పైగా ఈ ప్రాంతానికి బతుకునిచ్చింది చెరకు. హలేయివా పక్కనే ఉన్న వయలువాలో చక్కెర మిల్లు ఉండేది. తోటల్లో పనికి చైనా, పోర్చుగల్, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ నుంచి ఓడల్లో కూలీల్ని తెచ్చారు. ఒక్కో దేశం వాళ్లని ఒక్కో వాడలో ఉంచేవారు. కలిసి కూర్చుంటే జీతాలు పెంచమంటారని యజమానుల భయం. 1920లో ఆ భయం నిజమైంది. జపాను, ఫిలిప్పీన్స్ కూలీలు ఒవాహు దీవిలో కలిసి సమ్మె కట్టారు. వేలమందిని ఇళ్ల నుంచి వెళ్లగొట్టినా నెలల తరబడి నిలబడ్డారు.

చివరికి మిల్లు మార్కెట్‌కి తలవంచింది. చౌక చక్కెరతో పోటీ పడలేక 1996లో మూతపడింది. ఒవాహు దీవిలో చివరి చక్కెర తోట అదే. మరో ఇరవై ఏళ్లకి, 2016లో, మావీ దీవిలో ఆఖరి మిల్లు కూడా ఆగిపోవడంతో హవాయిలో చెరకు కథ ముగిసింది. వయలువా మిల్లు ఆవరణలో ఇప్పుడు సబ్బులు చేస్తారు, సర్ఫింగ్ పలకలు చెక్కుతారు, కాఫీ అమ్ముతారు. చెరకు పొలాల్లో కొంత మేర కాఫీ, కోకో వచ్చాయి. మిగిలిన చోట్ల గడ్డి.

మిల్లు కూలితో ఇల్లు గడిచిన ఊరికి అప్పట్నుంచీ పర్యాటకులే దిక్కయ్యారు. ఊళ్లో రద్దీ తగ్గించడానికి 1995లోనే పక్కదారి వేశారు. అయినా ప్రధాన వీధి కార్లతో నిండే ఉంటుంది. 2014లో ఆ వీధిలో కొత్త దుకాణాల సముదాయం తెరుచుకుంది. పాతకాలపు చెక్క భవనాల తీరులోనే కట్టారు. చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. కాస్త అవతల లానియాకేయా తీరంలో పచ్చ తాబేళ్లు ఎండ కాచుకోవడానికి ఒడ్డెక్కుతాయి. వాటిని చూడటానికి కార్లు ఆపేస్తారు. దాంతో ఆ రెండు వరసల రోడ్డు మీద ఆస్పత్రికి వెళ్లేవాళ్లూ, ఉద్యోగం నుంచి ఇంటికొచ్చేవాళ్లూ తాబేళ్లతో పోటీపడి నడవాల్సి వస్తుంది.

అసలు సమస్య రోడ్డు కాదు, ఇల్లు. 2021లో ఒవాహులో సొంతింటి మధ్యస్థ ధర 10 లక్షల డాలర్లు దాటింది. ఇళ్లను రోజుల లెక్కన పర్యాటకులకి అద్దెకివ్వడం మీద హొనొలులు నగరపాలక యంత్రాంగం 2019లో ఆంక్షలు బిగించింది. అయినా తాత తోటలో పనిచేసి కట్టుకున్న ఇంటి పక్కన మనవడు ఇల్లు కొనలేని పరిస్థితి. 2020 జనాభా లెక్కల ప్రకారం స్థానిక హవాయి సంతతివాళ్లలో సగానికి పైగా హవాయి బయటే, అమెరికా ప్రధాన భూభాగంలో ఉంటున్నారు.

సముద్రమూ ఊరుకోవడం లేదు. సన్‌సెట్ బీచ్ వైపు ఇసుక కోసుకుపోయి 2022లో ఓ ఇల్లు, 2024లో మరో ఇల్లు ఒడ్డు మీదికి కూలిపోయాయి. 2021 మార్చిలో వరద ముంచుకొచ్చి హలేయివాని ఖాళీ చేయించారు.

దీపాల రాత్రి

ఇన్ని మార్పుల మధ్య మారనిది ఒకటుంది. అది చూడాలంటే వేసవిలోనే వెళ్లాలి.

సముద్రం పక్కనే జోడో శాఖకి చెందిన పాత బౌద్ధాలయం ఉంది. వేసవిలో, సాధారణంగా జులైలో, దాని ముంగిట ‘బాన్ డాన్స్’ జరుగుతుంది. చనిపోయిన పెద్దలు ఆ రోజుల్లో ఇళ్లకి వచ్చివెళ్తారని జపానువాళ్ల నమ్మకం. ఈ పండుగ కథకి మూలం బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు. ప్రేతలోకంలో ఆకలితో అలమటిస్తున్న తల్లిని చూసి, బుద్ధుడు చెప్పినట్టు భిక్షువులకి దానం చేసి ఆమెకు విముక్తి కలిగించాడట. ఆ ఆనందంలో చిందులేశాడట. ఆ చిందే ఈ నాట్యమంటారు. జపానులో పండుగ కొద్దిరోజులే. హవాయిలో మాత్రం జూన్ నుంచి ఆగస్టు వరకూ వారానికో ఆలయం వంతు. ఒకచోట ఆడినవాళ్లు మరోచోటికి వెళ్లి ఆడాలి కదా!

ముంగిట మధ్యలో ఎత్తైన మంచె కడతారు. పైన పెద్ద డోలు. చుట్టూ కాగితపు లాంతర్ల తోరణాలు. చీకటి పడగానే డోలు మోగుతుంది, మంచె చుట్టూ జనం వలయాలుగా తిరుగుతారు. ‘టాంకో బుషి’ పాట వస్తే అందరి చేతులూ ఒక్కలా కదులుతాయి. బొగ్గు తవ్వినట్టు, భుజం మీదుగా విసిరినట్టు, బండి తోసినట్టు. జపానులో గని కార్మికుల పాట అది. అది ఆడేవాళ్లలో జపానువాళ్లే ఉండాలని లేదు. ఫిలిప్పీన్స్ అమ్మమ్మలు, హవాయి కుర్రాళ్లు, అప్పుడే కారు దిగిన పర్యాటకులు... అడుగులు రాకపోతే ముందున్నవాళ్లని చూసి వేయడమే. వేరువేరు వాడల్లో పెట్టిన కూలీల మనవలు ఇప్పుడు ఒకే వలయంలో తిరుగుతుంటారు.

ఆట ముగిశాక అందరూ ఒడ్డుకి చేరతారు. కాగితపు లాంతర్ల మీద పోయినవాళ్ల పేర్లుంటాయి. లోపల దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. అప్పటిదాకా గలగలలాడిన జనం ఒక్కసారిగా మౌనం వహిస్తారు. చీకట్లో దీపాల బారు నెమ్మదిగా దూరమవుతుంది. వేసవి కాబట్టే ఇది సాధ్యం. జనవరి అలల్లో దీపం నిలుస్తుందా?

ఆ ఊరి నుంచి దూరంగా వెళ్లి స్థిరపడినవాళ్లు కూడా వీలైతే ఈ రాత్రికి వచ్చి కలుస్తారు. ఇల్లు అమ్ముకున్నా, అమ్మ పేరు రాసిన దీపాన్ని మాత్రం ఈ నీళ్లలోనే వదలాలని వాళ్ల తపన.

ఇలాంటి రాత్రుల విలువ హవాయి వాసులకి 2023 ఆగస్టులో మరింతగా తెలిసొచ్చింది. మావీ దీవిలోని లహైనా కూడా ఇలాంటి పాత చెరకు ఊరే. అక్కడా సముద్రం ఒడ్డున జోడో ఆలయం, అక్కడా వేసవి దీపాలు. మిల్లు మూతపడ్డాక పొలాల్లో పెరిగిన గడ్డి ఎండి నిప్పందుకుంది. ఈదురుగాలికి ఊరు బుగ్గయింది. 102 మంది ప్రాణాలు పోయాయి. ఆలయం కాలిపోయింది. ఆవరణలోని పెద్ద బుద్ధవిగ్రహం మిగిలింది. ఊరంటే దుకాణాలూ సముద్రమూ కాదు, ఏటా ఒకచోట కలిసే మనుషులని లహైనా గుర్తుచేసింది.

హవాయిలో ఇలా వదిలిన దీపాల్ని సముద్రానికి వదిలేసి రారు. తిరిగి ఏరి ఒడ్డుకి చేరుస్తారు. పెద్దల్ని సాగనంపడం ఎంత ముఖ్యమో, నీళ్లని శుభ్రంగా ఉంచడమూ అంతే ముఖ్యం వాళ్లకి. మర్నాడు మంచె విప్పేస్తారు. ఆగస్టులో బడులు తెరుస్తారు. అక్టోబరు వచ్చేసరికి ఉత్తరం నుంచి తొలి పెద్ద అల బయలుదేరుతుంది. పలకలు, కెమెరాలు, జనం మళ్లీ వచ్చేస్తారు.

హలేయివా మళ్లీ లోకానిదవుతుంది... వచ్చే వేసవి దాకా.