ముడి వేశాక

అమ్మ ఎడమ మణికట్టు మీద ఒక మచ్చ ఉంది. గాజులు వెనక్కి జరిగితే కనిపిస్తుంది, తాడు ఒరుసుకుపోయిన గుర్తు. చిన్నప్పుడు అడిగితే "ఉప్పెన మచ్చ" అనేసి ఊరుకునేది. మా దివిసీమలో ఆ మాటకు అంతకు మించి వివరం అక్కర్లేదు. అక్కడి పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళనూ పుట్టుకలనూ కూడా ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అనే లెక్కపెడతారు.

ఆ మచ్చ కథ మొత్తం నేను విన్నది మాత్రం హ్యూస్టన్‌లో, 2017 ఆగస్టులో, కింది గదుల్లో నీళ్ళు కదులుతున్న చప్పుడు వింటూ, మా ఇంటి మేడమీద.

మూడేళ్ళ మనవరాలిని చూసుకోవడానికి అమ్మ అప్పటికి రెండు నెలల ముందే వచ్చింది. ఆ ఏడాది వినాయక చవితి ఆగస్టు 25, శుక్రవారం. టీవీలో హార్వీ తుపాను హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. అమ్మ మట్టితో బొజ్జ గణపయ్యను చేసింది. ఇరవై ఒక్క పత్రి ఎక్కడ దొరుకుతుంది? పెరట్లో తులసి, గరిక, ఇండియన్ స్టోర్‌లో తెచ్చిన మామిడాకులు. ఉండ్రాళ్ళు నైవేద్యం పెట్టి, కథ చదువుకుని, అక్షతలు తల మీద వేసుకున్నాం. ఆ రాత్రే తుపాను రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది.

తీరం దాటిందంటే ఇక గండం గడిచినట్టే అనుకుంటాం. ఇది కదల్లేదు. మా ప్రాంతం చుట్టూనే తిరుగుతూ రోజుల తరబడి కుండపోతగా కురిసింది. టెక్సాస్‌లోని నెదర్లాండ్ దగ్గర 60 అంగుళాలు దాటిన వాన నమోదైంది. మా ఇల్లు నగరానికి పడమటి వైపు, బార్కర్ రిజర్వాయర్‌కు ఎగువన. 1935 వరద హ్యూస్టన్‌ను ముంచాక, 1940లలో సైన్యం ఇంజనీర్లు కట్టిన రిజర్వాయర్ అది. మామూలు రోజుల్లో ఎండిపోయి ఉంటుంది. సాయంత్రాలు మేం అక్కడి పార్కుల్లో నడిచేవాళ్ళం. కట్ట వెనక నీళ్ళు నిండితే అవి ఎగదన్ని వచ్చేది మా వీధుల్లోకేనని ఇల్లు కొన్న రోజున మాకెవరూ చెప్పలేదు.

సోమవారం తెల్లారేసరికి వాకిట్లోకి వచ్చాయి. మధ్యాహ్నానికి హాల్లోకి వచ్చాయి. వాన సన్నగిల్లాక కూడా నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది అదే. 911కి చేస్తే లైను కలవదు. కరెంటు పోయింది. బియ్యం, మంచినీళ్ళు, పాప బట్టలు, పాస్‌పోర్టులు, గణపయ్య, అన్నీ మేడెక్కాయి.

ఆ రాత్రి అమ్మ చిన్నగొంతుతో పోతన గజేంద్రమోక్షం పద్యాలు చదువుకుంటోంది. పాప ఆమె ఒళ్ళో నిద్రపోయింది. నాకు దేవుడి పేరు కూడా నోట రావడం లేదు.

"ఇంత నిబ్బరం నీకు ఎక్కడిదమ్మా?" అన్నాను.

"నిబ్బరమా? ఇటు చెయ్యి పెట్టి చూడు" అని నా చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకుంది. వణుకుతోంది.

అప్పుడు చెప్పింది. 1977 నవంబరు 19, శనివారం. అమ్మకు పన్నెండేళ్ళు, వాళ్ళ తమ్ముడికి ఎనిమిది. సముద్రం ఊరి మీదికొస్తుంటే మా తాత పిల్లలిద్దరినీ దొడ్లో తుమ్మచెట్టు ఎక్కించి, పశువుల పలుపులతో చెరో కొమ్మకూ కట్టేశాడు. ముళ్ళు గుచ్చుకుని ఏడుస్తుంటే, "ఏడవండి, కానీ కొమ్మ వదలకండి" అన్నాడట. తెల్లవార్లూ అమ్మ ఆ తాడుకే వేలాడింది. తెల్లారి చూస్తే పక్క కొమ్మ లేదు.

ఆ ఉప్పెనలో పోయినవాళ్ళు సుమారు పదివేల మంది. అందులో ఒకడు నేనెన్నడూ చూడని మా మావయ్య.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "మరి ఆయన్ని దేవుడు ఎందుకు చూడలేదమ్మా? పోయినవాళ్ళెవరూ మొక్కుకోలేదా?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముడి మీ తాత గట్టిగానే వేశాడే. కొమ్మ విరిగింది. ఎందుకు విరిచావయ్యా అని నలభై ఏళ్ళుగా రోజూ దీపం పెట్టేటప్పుడు అడుగుతూనే ఉన్నా. జవాబు రాలేదు. కానీ ఆ మాట అడగడానికి ఆయన కాక నాకింకెవరున్నారు?" అంది.

ఆ మాట విన్నాక నాకు గజేంద్రుడి కథ కొత్తగా అర్థమైంది. ఏనుగు పిలిచింది, స్వామి పరుగున వచ్చాడు అని ఒక్క ముక్కలో చెప్పేసుకుంటాం. మొసలితో ఆ ఏనుగు వెయ్యేళ్ళు పెనుగులాడిందని మర్చిపోతాం. పిలిచే ముందు తన బలమంతా వాడింది. పిలుస్తూ పిలుస్తూ, అందరూ ఉన్నాడంటున్న ఆ దేవుడు అసలు ఉన్నాడా అని సందేహపడింది కూడా. ఆ సందేహాన్ని స్వామి తప్పు పట్టలేదు. లక్ష్మీదేవికి చెప్పకుండా, శంఖచక్రాలు చేత పట్టకుండా, ఉన్నపళంగా బయలుదేరాడు. సందేహంతో పిలిచిన పిలుపు కూడా ఆయనకు పిలుపే. నేను ఆ రాత్రి మొదటిసారి నోరు తెరిచి, "ఉన్నావా?" అన్నాను. నాకు వచ్చిన ప్రార్థన అంతే.

మంగళవారం పొద్దున లూసియానా నుంచి సొంత పడవలేసుకుని వచ్చిన ఇద్దరు మా వీధిలోకి వచ్చారు. మా పేర్లు కూడా అడగలేదు, ఎంతమంది అని మాత్రం అడిగారు. మా ఆయన గుండెల దాకా నీళ్ళలో దిగి ఒక్కొక్కరినీ పడవ ఎక్కించారు. అమ్మ ఒక చేత్తో గణపయ్యను పట్టుకుంది.

"అత్తయ్యా, ఐదో రోజే కదా, ఇక్కడే నిమజ్జనం చేసేద్దామా?" అన్నారాయన.

"ఈ మురికినీళ్ళలోనా? వద్దు బాబూ, మనతోపాటే వస్తాడు" అంది.

పడవలో కూర్చోగానే అమ్మ చేసిన పని నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. లైఫ్ జాకెట్ వేసుకున్న పాపను ఒళ్ళోకి తీసుకుంది. నా చున్నీ అడిగి, పాప నడుముకూ తన నడుముకూ కలిపి చుట్టి ముడి వేసింది. ఒకసారి లాగి చూసింది. విప్పి మళ్ళీ వేసింది. ఇంకోసారి లాగింది. ఇంకోసారి. గాజులు వెనక్కి జారి మణికట్టు మీద మచ్చ కనిపించింది. ముడి జారదని నమ్మకం కుదిరాక, అప్పుడు కళ్ళు మూసుకుని, "ఇక నీదే భారం స్వామీ" అంది.

ఈ దేశం వచ్చాక భక్తి గురించి నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు. వాటన్నిటికన్నా ఆ ముడే నాకు ఎక్కువ నేర్పింది. మన చేతిలో ఉన్న పని పూర్తిగా చెయ్యాలి. చేశాక, మన చేతిలో లేనిదాన్ని ఆయన చేతిలో పెట్టాలి. రేపు కొమ్మ విరిగినా సరే, ఆ చేతిని వదలకూడదు. అడగాలి, ఏడవాలి, నిలదీయాలి, అయినా దీపం పెట్టాలి. హార్వీ టెక్సాస్‌లో నేరుగా 68 మందిని పొట్టన పెట్టుకుంది. మేం నలుగురం బయటపడ్డామని, వాళ్ళకన్నా మా భక్తి గొప్పదని నేను ఒక్క క్షణం కూడా అనుకోను. వాళ్ళింట్లోనూ ఎవరో ఒకరు ముడి వేసే ఉంటారు.

స్నేహితుల ఇంటికి చేరాక, ఆ సాయంత్రం పెరట్లో శుభ్రమైన నీళ్ళ బకెట్‌లో గణపయ్యను దించాం. మళ్ళీ ఏడాది రమ్మని పాప చేత చెప్పించింది అమ్మ.

ఇప్పుడు అమ్మ అవనిగడ్డలో ఉంటోంది. గల్ఫ్‌లో తుపాను పుట్టిందని తెలిస్తే చాలు, ఫోన్ వస్తుంది. "టార్చిలైటులో బ్యాటరీలు మార్చావా? కాగితాలు కవర్లో పెట్టావా? మంచినీళ్ళు పట్టి పెట్టుకున్నావా?" అని వరసగా అడుగుతుంది. అన్నిటికీ అవునన్నాక, అప్పుడంటుంది:

"సరే, ఇక దణ్ణం పెట్టుకో."