ఎత్తడం రాడ్ పని కాదు
ఇంగ్లండ్‌లోని డీల్ పీర్ మీద పెద్ద చేప గాలానికి తగిలాకే అసలు కథ మొదలవుతుంది

ఇంగ్లండ్ తీరంలో గాలాల దుకాణం మెట్లెక్కే కొత్తవాడు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. పీర్ మీది నుంచి బరువైన చేపను పైకి లేపగలిగే గట్టి రాడ్ ఏది? అనుభవమున్న దుకాణదారైతే వెంటనే రాడ్ తీసి చూపించడు. ఏ పీర్, ఏ చేప, పక్కన తోడెవరైనా ఉంటారా అని ముందు ఆరా తీస్తాడు. కొత్తవాడికి ఇది నసగా అనిపిస్తుంది. డీల్ పీర్ కొసన నిలబడి ఒక్కసారి కిందికి చూస్తే ఆ ప్రశ్నల్లో అర్థం ఏమిటో బోధపడుతుంది.

కెంట్ కౌంటీలోని డీల్ చిన్న పట్టణం. లండన్ నుంచి రైల్లో గంటన్నర లోపే చేరుకోవచ్చు. ఊరి ముందు ఇసుక తీరం ఉండదు. కాలు వేస్తే గలగలమనే గులకరాళ్ల గుట్టలే. ఎదురుగా కొద్ది మైళ్ల దూరంలో గుడ్విన్ శాండ్స్ అనే ఇసుక దిబ్బలు నీటి కింద పొంచి ఉంటాయి. శతాబ్దాలుగా అవి ఎన్నో ఓడలను మింగాయి. ఆ దిబ్బలకూ ఒడ్డుకూ మధ్య ఆటుపోట్ల ప్రవాహం నదిలా పరుగెడుతుంది. తీరం నుంచి 300 మీటర్లకు పైగా ఆ ప్రవాహంలోకి చొచ్చుకెళ్లిన కాంక్రీటు, ఉక్కు కట్టడమే డీల్ పీర్.

పీర్ అంటే మన పాఠకులకు తిరువనంతపురం దగ్గరి వలియతురో, పుదుచ్చేరో గుర్తుకు రావచ్చు. సరకులు దించుకోవడానికి వేసిన ఆ కట్టడాలు రేవులు మూతపడ్డాక అనాథలయ్యాయి. పుదుచ్చేరి పీర్‌లో కొంత భాగం 2022 మార్చిలో, వలియతుర పీర్‌లో కొంత 2024 మార్చిలో సముద్రంలో కలిశాయి. ఇంగ్లిష్ పీర్‌లలో ఎక్కువ భాగం షికారు కోసం పుట్టినవి. సముద్రపు గాలి ఒంటికి మంచిదని నమ్మిన విక్టోరియా కాలపు మధ్యతరగతి టికెట్టు కొని మరీ వాటి మీద నడిచింది. ఆ నడకలో కూడా భారతదేశపు నీడ కాస్త ఉంది. డీల్‌లో 1864లో లేచిన రెండో పీర్‌ను రూపొందించిన యూజీనియస్ బర్చ్ అంతకుముందు కలకత్తా-ఢిల్లీ రైలు మార్గానికి పనిచేసిన ఇంజనీరే.

డీల్‌కు పీర్‌లు అచ్చిరాలేదనే చెప్పాలి. 1838 నాటి తొలి చెక్క పీర్ 1857 తుపానులో పోయింది. బర్చ్ కట్టిన ఇనుప పీర్‌ను 1940 జనవరిలో నోరా అనే డచ్చి ఓడ కొట్టుకొచ్చి ఢీకొంది. తీరంలోని ఫిరంగుల గురికి అడ్డమంటూ మిగిలిన భాగాన్ని సైన్యమే కూల్చేసింది. ఇప్పుడున్నది మూడోది. 1957 నవంబరులో ఎడిన్‌బరో డ్యూక్ ఫిలిప్ దాన్ని ప్రారంభించారు. కొసన 2008లో కట్టిన చెక్క కెఫే, దాని చుట్టూ రెయిలింగుకు ఆనించిన రాడ్ల వరస. పీర్ మీద నడవడానికి పైసా ఇవ్వనక్కర్లేదు కానీ గాలం వేయాలంటే టికెట్టు కొనాలి. ఇంగ్లండ్‌లో చెరువులో గాలం వేయడానికి ప్రభుత్వ లైసెన్సు కావాలి. మామూలు సముద్రపు చేపలకు మాత్రం అక్కర్లేదు. సముద్రం ఇంకా అందరిదే.

ఇక చిక్కు విషయానికి వద్దాం. గులకరాళ్ల ఒడ్డున నిలబడి గాలం వేసేవాడికి పెద్ద చేప తగిలితే సముద్రమే సగం పని చేసిపెడుతుంది. అలతో పాటు చేపను ఒడ్డుకు జారనిచ్చి, అల వెనక్కి మళ్లగానే రాళ్ల మీద పట్టుకోవచ్చు. పీర్ మీదివాడికి ఆ సాయం లేదు. ఇక్కడ పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం 5 మీటర్లు పైబడి మారే రోజులుంటాయి. ఆటు సమయంలో డెక్కుకూ నీటికీ మధ్య రెండంతస్తుల మేడంత ఖాళీ. నీటిలో ఉన్నంతసేపూ చేపకు బరువన్నది దాదాపు లేదు. గాలం లాగేది దాని పెనుగులాటను మాత్రమే. తల నీటి పైకి తేలిన మరుక్షణం 5 కిలోల చేప అచ్చంగా 5 కిలోలు తూగుతుంది. పైగా గాలికి ఊగుతుంది, తోక విదిలిస్తుంది. అప్పటిదాకా గెలుస్తున్నవాడు ఓడిపోవడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

అందుకే లావుపాటి రాడ్ కొనాలన్న ఆలోచన వస్తుంది. లెక్క వేరే చెబుతుంది. ఒడ్డు నుంచి దూరం విసరడానికి వాడే బీచ్‌కాస్టర్ రాడ్ పొడవు 12 నుంచి 13 అడుగులు, అంటే దాదాపు 4 మీటర్లు. మొదలు దగ్గర ఒక చేయి, రీలు దగ్గర ఇంకో చేయి. రెంటి మధ్య దూరం ముప్పావు మీటరుకు మించదు. ఆ రాడ్‌ను అడ్డంగా పట్టుకుని కొసన 5 కిలోల చేపను వేలాడదీస్తే పై చేతి మీద పడే భారం 26 కిలోల పైమాటే. నీళ్ల బిందెను పొడవాటి వాసం చివర కట్టి, మొదలు పట్టుకుని లేపమన్నట్టన్నమాట. రాడ్ వంగేకొద్దీ భారం కొంత తగ్గుతుంది. కానీ మరీ నిట్టనిలువుగా ఎత్తిపట్టి లాగితే ఆ వంపు అంతా సన్నటి కొసకే చేరుతుంది. కార్బన్ రాడ్లు ఎక్కువగా ఫెళ్లుమనేది అప్పుడే. పొడవాటి రాడ్ ఎక్కువ బలమైనదన్నది పీర్ మీద చెల్లని నాణెం. ఎత్తే పనిలో పొడవు యజమానికే శత్రువు.

మరి పొట్టి రాడ్ తీసుకుంటే పోలేదా? కొందరు అదే చేస్తారు. పడవ మీంచి దూరం విసరడానికి తయారైన 10 అడుగుల అప్‌టైడ్ రాడ్ పీర్ స్తంభాల పక్కనే గాలం దించేవారికి చక్కగా సరిపోతుంది. స్తంభాల చుట్టూ ఆల్చిప్పలు, వాటి కోసం పీతలు, పీతల కోసం చేపలు. చాలాసార్లు మంచి చేప కాళ్ల కిందే తిరుగుతుంటుంది. తల వెనక నుంచి రాడ్ తిప్పి విసరడాన్ని జనం తిరిగే పీర్‌లు చాలావరకు నిషేధించాయి కాబట్టి 13 అడుగుల కర్ర అక్కడ సగం అలంకారమే. కాకపోతే పొడవుకు ఒక ప్రయోజనం ఉంది. చేప స్తంభాల వైపు దూసుకుపోయినప్పుడు దారాన్ని కాంక్రీటుకు రాసుకోకుండా దూరంగా పట్టి ఉంచేది పొడవాటి రాడే. 11, 12 అడుగుల దగ్గర రాజీ కుదుర్చుకునేవారు అందుకే ఎక్కువ.

కొనేటప్పుడు చూడాల్సింది కొస కన్నా మొదలు. రాడ్ మీద 4-6 ఔన్సులని రాసి ఉంటుంది. అంటే 113 నుంచి 170 గ్రాముల సీసం విసరడానికి తగినదని. అది విసిరే బరువే తప్ప ఎత్తే బరువు కాదు. ఈ సంగతి తెలియక మోసపోయేవారు తక్కువేం కాదు. డీల్ లాంటి చోట ప్రవాహంలో ఎర నిలవాలంటే సముద్రపు అడుగును పట్టుకునే తీగలున్న 5, 6 ఔన్సుల సీసం తప్పదు. కాబట్టి రాడ్ ఆ మాత్రం మోయాలి. కొస మెత్తగా ఉంటే చేప ఎరను తాకడం కంటికి కనిపిస్తుంది, అలల ఊపుకు గాలం పట్టు తప్పదు. మొదలు సగం మాత్రం గట్టిగా ఉండాలి. ప్రవాహానికి ఎదురుగా టేకు చేప అడుగుకు పళ్లెంలా అతుక్కుపోయినప్పుడు దాన్ని కదిలించేది ఆ మొదలే. కార్బన్ తేలిక, చురుకు. గాజునార రాడ్ బరువే అయినా దెబ్బలకు ఓర్చుకుంటుంది. ఇనుప రెయిలింగుకు తగిలి కార్బన్ మీద పడ్డ చిన్న గాటు ఆ రోజు ఏమీ చేయదు. నెలల తర్వాత పెద్ద చేప ఉన్న రోజున విరుగుతుంది. అనుభవజ్ఞులు రెయిలింగు మీద పాత గుడ్డ చుట్టి రాడ్ ఆనించేది అందుకే.

రీలు సంగతి కొంత తేలిక. దారాన్ని తిన్నగా చుట్టుకునే మల్టిప్లయర్ రీలు బావి గిలకలా పనిచేస్తుంది. బరువు లాగడానికి అదే మేలు. స్వీడన్‌లో పుట్టిన ఆబు కంపెనీ మల్టిప్లయర్ ఇంగ్లిష్ తీరంలో తరాల తరబడి వాడుకలో ఉంది. దాని పేరు అంబాసడర్. మన పాత కారులాగే 1950ల సంతానం, మన కారులాగే మొండిది. 2014లో ఆగిపోయింది కారు మాత్రమే.

దారం దగ్గర మళ్లీ తిరకాసు. విసిరేటప్పుడు తెగకుండా అసలు దారానికి ముందు లావుపాటి లీడర్ ముడివేస్తారు. ఔన్సు సీసానికి 10 పౌండ్ల బలం చొప్పున 6 ఔన్సులకు 60 పౌండ్ల లీడర్ అన్నది పాత సూత్రం. దాని పొడవు రాడ్‌కు రెండింతలు, పైన రీలు మీద కొన్ని చుట్లు. తీరంలో ఇది చాలు. పీర్ మీద ఆటు వేళ చేప నీటి మట్టానికి వచ్చేసరికి లీడర్ దాదాపు అంతా కిందే వేలాడుతూ ఉంటుంది. ముడి కొస దాటి బయటే ఉండిపోతుంది. చేప బరువు పడేది 15 పౌండ్ల సన్న దారం మీద. అంటే 7 కిలోలు కూడా మోయని దారం. ఊగే 5 కిలోలు ఒక్క విదిలింపుతో దాన్ని దాటిపోతాయి. ఎత్తయిన చోట లీడర్‌ను ఇంకా పొడిగించడమో, మొత్తం లావు దారమే వాడి దూరాన్ని వదులుకోవడమో చేయాలి. వేల రూపాయల రాడ్ గురించి గంటసేపు మాట్లాడే దుకాణాల్లో ఈ ఎనిమిది మీటర్ల దారం ఊసు రాకపోవడమే విచిత్రం.

ఇంత చేసినా కిలో, కిలోన్నర దాటిన చేపను రాడ్‌తో లేపకూడదన్నది పీర్ మర్యాద. అందుకు డ్రాప్ నెట్ ఉంది. మీటరు వరకు వెడల్పున్న ఇనుప చట్రం, దానికి వల సంచి, పైన పొడవాటి తాడు. వల తేలకుండా లోపల ఓ రాయో సీసం ముక్కో వేస్తారు. రాడ్ పట్టుకున్నవాడు అలసిన చేపను ప్రవాహంతో పాటు వల మీదికి మెల్లగా నడిపిస్తాడు. తాడు పట్టుకున్నవాడు బావిలో చేద తోడినట్టు చేయి మార్చి చేయి లాగుతాడు. రాడ్ అప్పటికి వదులుగా ఉంటుంది. దాని పని అయిపోయింది. అయితే ఈ పని ఒంటరిగా చేయడం దాదాపు అసాధ్యం. అందువల్ల పొద్దుట్నుంచీ మాటామంతీ లేకుండా పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరు తెల్లవాళ్లు హఠాత్తుగా ఒక తాడుకు చెరో వైపు చేరతారు. పరిచయం లేనిదే పలకరించని దేశంలో ఇది చిన్న వింతేమీ కాదు.

ఈ శ్రమ ఎవరి కోసం? ఒకప్పుడు కెంట్ తీరంలో చలికాలమంటే కోడ్. ఫిష్ అండ్ చిప్స్ పళ్లెంలో ఉండే చేప అదే. బురదలోంచి తవ్విన లగ్‌వార్మ్ ఎరగా గుచ్చి, గడ్డకట్టే రాత్రుల్లో దాని కోసమే కాచుకునేవారు. బరువైన రాడ్లన్నీ మొదట దాని పేరు మీదే అమ్ముడయ్యాయి. అతిగా పట్టడం, వేడెక్కుతున్న నీళ్లు కలిసి దక్షిణాన దాన్ని అరుదు చేశాయి. ఉత్తర సముద్రపు కోడ్‌కు 2017లో దక్కిన మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణను రెండేళ్లకే, 2019 అక్టోబరులో, తాత్కాలికంగా నిలిపివేశారు. బాస్ కూడా తగ్గిపోవడంతో పట్టదగిన కనీస పొడవును 2015లో 36 నుంచి 42 సెంటీమీటర్లకు పెంచారు. అంతకన్నా చిన్నదైతే నీటిలోకి తిరిగి వెళ్లాల్సిందే.

ఇప్పుడు వేసవిలో రాడ్‌ను విల్లులా వంచేది ఎక్కువగా స్మూత్‌హౌండ్. పీతలంటే ప్రాణమిచ్చే చిన్న సొర జాతి. కవచం విడుస్తున్న మెత్తటి పీతను ఎరగా పెడితే రాడ్‌ను రెయిలింగు మీంచి లాక్కుపోగలదు. తినడానికి కాకుండా ఆ పోరాటం కోసమే దాన్ని పట్టి చాలామంది వదిలేస్తారు. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. నీరు మోసే శరీరాన్ని నోటిలోని కొక్కెంతో రెండంతస్తుల ఎత్తు వేలాడదీస్తే దవడ చీలడమే కాదు, లోపలి అవయవాలకు ఆధారమూ ఉండదు. బలమైన రాడ్‌తో ఎత్తగలిగినా దాన్ని ఎత్తకూడదనడానికి కారణం ఇదే. వదిలేయదలచిన చేప బతుకుతుందా లేదా అన్నది తేలేది ఈ ఒకటి రెండు నిమిషాల్లో.

కాబట్టి చేతిలో ఉన్న డబ్బుతో రాడ్ మాత్రమే కొని వల తర్వాత చూద్దామనుకునేవారు క్రమం తిరగేస్తున్నారు. మధ్యరకం రాడ్, మంచి తాడుతో గట్టి వల అన్నది సరైన బేరం. తాడు పీర్ ఎత్తుకు కొన్ని మీటర్లు ఎక్కువే ఉండాలి. ఆటు వేళ నీరు ఎంత దిగుతుందో పోటు వేళ కొన్నవాడికి తట్టదు. అరచేతులు కోసుకోకుండా తొడుగులు కూడా.

ఆ వలకు రెండో పని కూడా ఉంది. కొలిచి, కొక్కెం తీసి, తడి చేతులతో పట్టుకున్న చేపను పై నుంచి విసిరేస్తే నీటి దెబ్బకే స్పృహ తప్పుతుంది. దాన్ని మళ్లీ అదే సంచిలో ఉంచి, తాడు మెల్లగా వదులుతూ, చట్రం మునిగేదాకా దించుతారు. కాసేపు అది కదలదు. పైనున్న ఇద్దరూ రెయిలింగు మీంచి వంగి, బూడిద రంగు నీటిలో వల ఖాళీ అయ్యేవరకు తాడు కదపకుండా చూస్తూ ఉంటారు.