గోదారి మీద తీగలు

ఎల్లంపల్లి దగ్గర గోదావరి ఆగుతుంది. శ్రీపాదరావు పేరు పెట్టిన ఆ ప్రాజెక్టులో ఇరవై టీఎంసీల దాకా నీళ్లు నిలుస్తాయి. కొన్ని పైపుల్లో పడి హైదరాబాద్‌ దాహం తీర్చడానికి వెళ్తాయి, కొన్ని రామగుండం థర్మల్ స్టేషన్లకు వెళ్తాయి. ఇక్కణ్నుంచి కిందికి రెండు ఒడ్లూ బొగ్గువే, కరెంటువే.

కుడి ఒడ్డున 1971లో మొదలైన 62.5 మెగావాట్ల పాత స్టేషన్ 2024లో మూతపడింది. 1983లో తొలి యూనిట్ తిప్పిన ఎన్టీపీసీ మాత్రం 2,600 మెగావాట్లకు పెరిగి, పక్కనే తెలంగాణ ప్రాజెక్టు పేరుతో మరో 1,600 చేర్చుకుంది. ఇంత కరెంటు ఇక్కడే ఖర్చయ్యేది కాదు. 400 కేవీ టవర్లు హైదరాబాద్ వైపు, నది దాటి చంద్రాపూర్ వైపు సాగిపోయాయి. 2013 డిసెంబర్ 31 దాకా దక్షిణాది గ్రిడ్‌దీ మిగతా దేశానిదీ ఒక తాళం కాదు. అందుకే అప్పట్లో రామగుండం నుంచి చంద్రాపూర్ వైపు వెళ్లిన కరెంటు భద్రావతిలో డీసీగా మారి, మళ్లీ ఏసీ అయితేగానీ అవతలికి చేరేది కాదు.

ఆ టవర్ కొసన, అన్నిటికన్నా పైన, సన్నటి తీగ ఒకటి ఉంటుంది. అందులో కరెంటు పారదు. పిడుగు పడితే తాను తీసుకుని భూమిలోకి దించడం దాని పని. ఇప్పుడు చాలా లైన్లలో ఆ తీగ కడుపులోనే ఫైబర్ పోగులు పెడుతున్నారు. పోగు మందం 125 మైక్రాన్లు, వెలుగు నడిచే గర్భం తొమ్మిది మైక్రాన్లే. పక్కనే నాలుగు లక్షల వోల్టులున్నా గాజుకు పట్టదు. ఎక్కడ బ్రేకర్ పడింది, ఎక్కడ లోడు పెరిగింది అన్న కబురు ఆ వెలుగే మోసుకుపోతుంది.

రైలు వంతెన దాటితే ఎడమ ఒడ్డున మంచిర్యాల, ఆ తర్వాత నస్పూర్, శ్రీరాంపూర్. ఆర్కే-5, ఆర్కే-7, ఎస్సార్పీ-3... ఇక్కడ బొగ్గు బావుల పేర్లే అడ్రస్సులు. భూమిలోకి దిగాక కరెంటు పరికరాల తీరే మారిపోతుంది. గనిలో మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు తీసేయాలన్నది నిబంధన; అయిదు శాతం దాటితే నిప్పురవ్వ చాలు. స్విచ్ వేస్తే రవ్వ రాకుండా ఎవరూ ఆపలేరు. అందుకే స్విచ్‌ను లావుపాటి ఇనుప పెట్టెలో పెట్టి, మూతకూ పెట్టెకూ మధ్య సందును అర మిల్లీమీటరు మించనివ్వరు. లోపల గ్యాస్ అంటుకున్నా, ఆ ఇరుకులోంచి బయటికొచ్చేలోపే మంట చల్లారిపోవాలి. ఎలక్ట్రీషియన్ ఫీలర్ గేజ్ దూర్చి చూసేది ఆ సందునే. బోల్టు ఒక్కటి తక్కువైనా ఆ పెట్టెను నమ్మరాదు. ఈ ప్రాంతపు ఇంజినీరింగ్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది చిమ్నీలు కాదు, ఆ అర మిల్లీమీటరే.

ఇంకా కిందికి వెళ్తే జైపూర్‌లో సింగరేణి సొంత ప్లాంటు, 1,200 మెగావాట్లు. 2016లో దాన్ని ప్రధాని ప్రారంభించింది జైపూర్‌లో కాదు, ఇక్కడి లైను చేరే గజ్వేల్‌లో. బూడిద ఒక చోట, రిబ్బన్ ఒక చోట!

సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ దగ్గర కథ తిరగబడింది. కరెంటు ఇచ్చిన నదే కరెంటు తాగడం మొదలుపెట్టింది. నీళ్లను వెనక్కి ఎక్కించడానికి 40 మెగావాట్ల మోటర్లు పెట్టారు. 2022 జులై వరదకు అన్నారం, కన్నెపల్లి పంపుహౌసులు మునిగాయి; మరుసటి ఏడాది మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ఆ లెక్కలు తేల్చేవాళ్లు వేరే ఉన్నారు.

మంథని వైపు మళ్లితే ముత్తారం మండలంలో మరో శ్రీరాంపూర్ ఉంది. అడవి శ్రీరాంపూర్. 2024 డిసెంబర్ 8న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా ఇంటింటికీ ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టిన నాలుగు గ్రామాల్లో ఇదొకటి. ఆ ఫైబర్ ఆకాశం నుంచి దిగలేదు. మిషన్ భగీరథ నీళ్ల పైపులకు తవ్విన కందకాల్లోనే పైపు పక్కన దాని గొట్టమూ వేశారు. ఒక తవ్వకానికి రెండు పనులు. మన దగ్గర అరుదుగా కనిపించే తెలివి.

అసలు చిక్కు చివరి స్తంభం దగ్గర ఉంది. 400 కేవీకి ఉన్న కాపలా 11 కేవీకి ఉండదు. ఊరి సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బ్రీదర్ డబ్బా చూడండి. అందులోని నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పట్టిందని అర్థం. మార్చకపోతే ఆ తేమ ఆయిల్‌లోకి దిగుతుంది, ఓ వానాకాలం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పట్టణాల్లోనైతే స్తంభానికి కేబుల్ వైర్లు చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయాక వాటిని కోశారు, తగవు హైకోర్టుకెక్కింది. గాజు పోగు ఎవర్నీ చంపదు. కేబుల్ బరువు మోయడానికి పక్కన పెట్టే ఉక్కు తీగ చంపుతుంది. లోహం లేని కేబుళ్లు ఉన్నాయి, ధర కాస్త ఎక్కువ. ఇంటికి ఫైబర్ కనెక్షన్ తీసుకునేటప్పుడు స్పీడెంత అని అడిగే ముందు, వైరులో ఉక్కు తీగ ఉందా అని ఆపరేటర్ని అడగండి. ఆ స్తంభం ఎక్కే లైన్‌మన్‌కూ ఇల్లూ పిల్లలూ ఉన్నారు.